'వలస తల్లి' ఫోటో: చట్రం లోపల, చట్రం వెలుపల

డొరొతియా లాంగ్ తీసిన 'వలస తల్లి' ఫోటోను ఎక్కడో ఒకచోట చూడని సాహిత్య విద్యార్థి అరుదు. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠాణీ కోత కూలీల మకాంలో తీసిన ఫోటో అది. ఆర్థిక మాంద్యం రోజులు. చలికి పంట దెబ్బతిని, కోతకని వచ్చిన కూలీలు పనీ తిండీ లేక అక్కడే చిక్కుబడ్డారు. గ్రామీణ దారిద్ర్యాన్ని చిత్రాలుగా నమోదు చేయడం అప్పుడు లాంగ్ చేస్తున్న ప్రభుత్వోద్యోగం.

ఈ ఫోటో 'కదిలిస్తుంది' అని అందరూ అంటారు. ఎలా కదిలిస్తుందో, ఎటువైపు కదిలిస్తుందో తేల్చడం విమర్శకుడి పని.

ముందు కూర్పును చూద్దాం. చిత్రం మధ్యలో తల్లి. ఇరువైపులా ఇద్దరు పిల్లలు ఆమె భుజాల మీద వాలి, మనకు వీపు చూపిస్తున్నారు. ఒడిలో నిద్రపోతున్న పసిబిడ్డ. మెలకువగా ఉన్న ముఖం చిత్రంలో ఒక్కటే. పిల్లల తలలు ఆ ముఖానికి రెండు గట్లలా నిలిచాయి. ముంజేయి నిలువుగా లేచి మన చూపును గడ్డం దగ్గరికి, అక్కడినుంచి కళ్ళలోకి తీసుకుపోతుంది. ఆ కళ్ళు మాత్రం మనల్ని చూడవు. బిడ్డను ఒడిలో పెట్టుకున్న మేరీమాత చిత్రాల త్రికోణాకృతి ఇది. పాశ్చాత్య ప్రేక్షకుడి గుండెకు ఈ ఆకృతి ముందే పరిచయం.

ఇక వెలుగు. మబ్బుపట్టిన రోజు, తెరిచి ఉన్న గుడారపు పంచ, ఫ్లాష్ లేదు. ముందునుంచి వచ్చిన మెత్తని వెలుగు నుదుటి ముడతల్ని, చిరిగిన చేతి అంచుని, బిడ్డ చెంప మీది మురికిని ఒకే తీరుగా చూపిస్తుంది. గాఢమైన నీడలతో దైన్యాన్ని పెంచే నాటకీయత ఇందులో లేదు. ఈ నిగ్రహమే ఈ చిత్రంలోని గొప్ప శిల్పగుణం. జాలి కోసం చెయ్యిచాచే స్త్రీగా కాక, ఏదో లెక్క వేసుకుంటున్న మనిషిగా ఆమెను నిలబెట్టింది ఈ వెలుగే.

అయితే చట్రం సంగతి వేరు. లాంగ్ ఆరోజు తీసినవాటిలో ఇదొక్కటే కాదు. దూరంనుంచి తీసిన ఫ్రేముల్లో గుడారం, చుట్టూ ఉన్న నేల, ఒక యుక్తవయసు కూతురు కనిపిస్తారు. మరో ఫ్రేములో పాత పెట్టె, దాని మీద ఖాళీ పళ్ళెం ఉన్నాయి. కెమెరా దగ్గరయ్యే కొద్దీ ఇవన్నీ చట్రం దాటి వెళ్ళిపోయాయి. చివరికి మిగిలింది తల్లీ, పిల్లలూ, వెనక కాన్వాసు గుడ్డ.

మన ఆలంకారికుల్లో భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణం సరిగ్గా ఇదే. వ్యక్తిగత విశేషాలు తొలగితేనే పాత్ర దుఃఖాన్ని సహృదయుడు రసంగా ఆస్వాదిస్తాడు. ఈ ఫోటోలో కరుణ పండింది. కాని తొలగినవేమిటి? పొలం, పని, కూలి, యజమాని. ఆకలి కనిపిస్తుంది, ఆకలికి కారణం కనిపించదు.

దీనికి ఒక చిన్న సాక్ష్యం ఉంది. చిత్రం కుడివైపు అంచున గుడారపు కర్రను పట్టుకున్న ఒక బొటనవేలు ఉండేది. అది కూర్పుకు అడ్డమని కొన్నేళ్ళ తర్వాత లాంగ్ దాన్ని నెగటివులో చెరిపించింది. దృశ్యకళ దృష్ట్యా ఆ నిర్ణయం సబబే కావచ్చు. కాని గుడారాన్ని పట్టుకున్న చెయ్యి దోషమై, చెంపకు ఆనించుకున్న చెయ్యి శిల్పమైంది.

ఆమె పేరు ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్. ఆ పేరు లోకానికి తెలిసింది 1978లో, నలభై రెండేళ్ళ తర్వాత. ఆమె చెరొకీ తెగ స్త్రీ. రోజుకు 450, 500 పౌన్ల పత్తి ఏరిన కూలీ. ఫోటోవల్ల తనకు ఒరిగిందేమీ లేదని ఆమె బాధపడింది. పత్రికలో వార్త రాగానే ప్రభుత్వం ఆ మకాంకు 20,000 పౌన్ల ఆహారం పంపిన మాట నిజమే. అది చేరేసరికి ఆమె కుటుంబం పని వెతుక్కుంటూ వెళ్ళిపోయింది. కళ కొందరి ఆకలి తీర్చిందన్నది చిన్న విషయం కాదు. కాని చిత్రంలోని మనిషికి అందనిది, చిత్రం చూసినవాళ్ళ మనశ్శాంతికి అందింది.

ఇందులో తప్పంతా లాంగ్‌దే అనడం అన్యాయం. పాల్ టేలర్‌తో కలిసి 1939లో తెచ్చిన 'యాన్ అమెరికన్ ఎక్సోడస్' పుస్తకంలో వలసకూలీల ఫోటోల పక్కన వాళ్ళ మాటల్నే ఆమె ముద్రించింది. మనిషిని పరిస్థితులతో సహా చూపే పద్ధతి ఆమెకు తెలుసు. లోకం మాత్రం ఆ పుస్తకాన్ని కాక ఈ ఒక్క ముఖాన్నే ఎంచుకుని గుర్తుపెట్టుకుంది. ఆ ఎంపికలో ఉన్నది పాలకవర్గాల అభిరుచి. కారణం అడగని కరుణ ఎవరికీ ఇబ్బంది కలిగించదు.

మన కథల్లోనూ ఈ దగ్గరి చట్రం చాలా ఉంది. పేదతల్లి కన్నీటి మీద దీపం పెట్టి, ఆమె చేసే పనిని, ఆమె కూలి ఎగ్గొట్టినవాణ్ణి చీకట్లో వదిలేసే కథలకు ప్రశంసలు సులభంగానే వస్తాయి. లాంగ్ వెలుగులోని నిగ్రహాన్ని రచయితలు తప్పక నేర్చుకోవాలి. చట్రాన్ని మాత్రం రెండడుగులు వెనక్కి జరపాలి. అప్పుడు ఖాళీ పళ్ళెమూ కనిపిస్తుంది, గుడారపు కర్ర పట్టుకున్న చెయ్యీ కనిపిస్తుంది.