కొండ చుట్టూ నడక

బ్రిస్బేన్ నుంచి ఉత్తరంగా ఓ డెబ్బై కిలోమీటర్లు వెళ్తే, అనాస తోటలూ పైన్ వనాలూ ఉన్న చదును నేలలోంచి దేనికదే నిటారుగా లేచిన కొండలు కనిపిస్తాయి. అవే గ్లాస్ హౌస్ పర్వతాలు. 1770లో ఓడ మీంచి వీటిని చూసిన జేమ్స్ కుక్, తన యార్క్‌షైర్ గాజు కొలుములు గుర్తొచ్చి ఆ పేరు పెట్టాడు.

ఇప్పుడు మనం చూసేది అగ్నిపర్వతాల గొంతులో గడ్డకట్టిన రాయిని. సుమారు రెండున్నర కోట్ల ఏళ్ల కిందట ఉబికిన లావా లోపలే చల్లారి బిగుసుకుంది. చుట్టూ ఉన్న మెత్తటి ఇసుకరాయి వానలకు అరిగి కొట్టుకుపోయింది, ఇది నిలిచింది. నున్‌గున్ కొండ దారిలో నిలువు స్తంభాలుగా చీలిన రాయి ఉంటుంది. లావా చల్లారుతూ కుంచించుకుపోయినప్పుడు పడ్డ పగుళ్లవి. అక్కడ ఆగి చేత్తో తడిమి చూడండి.

ఈ నేల జినిబారా, కాబీ కాబీ ప్రజలది. వాళ్లకు ఈ కొండలు ఒక కుటుంబం. సముద్రం పొంగుతుంటే తండ్రి టిబ్రోగార్గన్, గర్భిణి అయిన తల్లి బీర్వాను కాపాడమని పెద్దకొడుకు కూనోరిన్‌కు చెప్పాడట. కొడుకు తన దారిన పారిపోయాడు. తండ్రి దుడ్డుకర్రతో కొట్టిన దెబ్బకు అతని మెడ వంకరపోయింది. తండ్రి ఇప్పటికీ కొడుక్కి వీపు తిప్పి సముద్రం వైపే చూస్తుంటాడు.

ఆ తల్లిదండ్రుల మీదికి ఎక్కొద్దని జినిబారా ప్రజలు కోరుతున్నారు. 556 మీటర్ల బీర్వా ఈ గుంపులో అన్నిటికంటే ఎత్తు కాబట్టి, ఎక్కాలన్న ఆశ ఎవరికైనా పుడుతుంది. నేను మాత్రం ఆ మాట మన్నించడమే మర్యాద అనుకుంటాను. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ నడిచే మనవాళ్లకు ఇది విడమరిచి చెప్పాలా? టిబ్రోగార్గన్ చుట్టూ ఉన్న అడవిబాటలో నీలగిరి, సరుగుడు జాతి చెట్ల మధ్య నడుస్తుంటే, అడుగడుక్కీ కొండ ముఖం మారుతుంది. ఒకచోట నున్నటి గోడ, ఇంకోచోట పొదలు పట్టిన నెర్రెలు. పైకి పాకేవాడి కళ్లు తర్వాతి పట్టు కోసం వెతుకుతుంటాయి. ఇదంతా అతనికి దక్కదు.

శిఖరం మీంచే చూడాలనుకునేవాళ్లకు 253 మీటర్ల నున్‌గున్ ఉంది. రానూపోనూ మూడు కిలోమీటర్ల లోపే, కానీ పైన నిటారు. కూనోరిన్ 1999 నుంచి జనానికి మూసే ఉంది. అయితేనేం, నున్‌గున్ మీద నిలబడితే తల్లీ తండ్రీ కొడుకూ ముగ్గురూ కనిపిస్తారు. వాన పడితే రాయి జారుతుంది. అక్కడ చలికాలమైన జూన్, జులైల్లో తెల్లవారుజామునే బయల్దేరండి.