తట్టి చూడటం

పోయిన ఆదివారం కరీంనగర్ అంగట్లో రంజన్ కొనబోయి, వేలు మడిచి గట్టిగానే కొట్టి చూస్తున్నాను. కుండల అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "గంత గట్టిగ కొడ్తె మంచి కుండ గూడ పల్గుతది సారూ. మెల్లగ తట్టుండ్రి, అదే చెప్తది." తనే తట్టింది. ఒకటి ఖంగుమంది. ఇంకొకటి చచ్చుగా మోగింది. కంటికి కనపడని బీట ఉందని దాన్ని పక్కన పెట్టేసింది.

ఇంటికొచ్చేసరికి మంచిర్యాల నుంచి ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని ఉత్తరం. కణ భౌతికశాస్త్రం చదువుతానంటే, "మనకాడ యంత్రాలేవి? అవి జెనీవాల ఉంటయి" అని ఎవరో కొట్టిపారేశారట. ఆ మాట వారమంతా నన్ను కుదురుగా ఉండనివ్వలేదు.

అమ్మా, నీకు జవాబు ఆ అవ్వ చేతిలోనే ఉంది. కణాలను మహావేగంతో ఢీకొట్టి చూడటం ఒక పద్ధతి. అవి నెమ్మదిగా తాకితే ఏమవుతుందో లెక్కగట్టడం ఇంకొకటి. మెసాన్లనే కణాల్లో అన్నిటికన్నా తేలికైన పయాన్‌ను తీసుకో. 1935లో యుకావా ఊహించాడు, 1947లో పావెల్ బృందం చూసింది. మన మానేరు డ్యాం మీద, పదిహేను కిలోమీటర్ల ఎత్తున, కాస్మిక్ కిరణాల తాకిడికి పయాన్లు ఇప్పుడూ పుడుతూనే ఉన్నాయి. విద్యుదావేశమున్న పయాన్ ఆయువు సెకనులో దాదాపు 4 కోట్లవ వంతు.

నెమ్మదిగా ఎదురైన రెండు పయాన్లు ఒకదాన్నొకటి ఎంత పట్టించుకుంటాయో చెప్పే కొలతను స్కాటరింగ్ లెంగ్త్ అంటారు. పయాన్‌లోని తేలిక క్వార్కులకు అసలు బరువే లేకపోతే అది సున్నా. కొద్దిగా బరువుంది కాబట్టి చిన్న సంఖ్య. మనం ఖాళీ అనుకునే శూన్యంలో క్వార్కులు ఎలా జతకట్టి ఉన్నాయో ఆ చిన్న సంఖ్యే పలుకుతుంది.

పయాన్లకు అలాంటివి రెండు. పెద్దదానికి 1966లో స్టీవెన్ వైన్‌బర్గ్ కాగితం మీద సూత్రం రాబట్టాడు; ఆ సూత్రం ప్రకారం అది 0.16. 1971లో మన దేశపు భౌతికశాస్త్రవేత్త శశాంక మోహన్ రాయ్, ఏ తాకిడీ తప్పించుకోలేని నియమాలను పట్టుకున్నారు: సంభావ్యతలన్నీ కలిస్తే ఒకటే కావాలి, కారణం తర్వాతే ఫలితం రావాలి, కణాన్ని ప్రతికణంగా తిప్పి చదివినా లెక్క కుదరాలి. ఆ రెండు సంఖ్యలూ, పై శక్తుల కొలతలూ ఉంటే తక్కువ శక్తిలో పయాన్ల నడతంతా తేల్చే సమీకరణాలు రాశారు. ప్రపంచమంతా వాటిని రాయ్ ఈక్వేషన్లనే అంటుంది. ఆ సమీకరణాలు రాయడానికి ఏ యంత్రమూ అక్కర్లేకపోయింది.

ఇక్కడిదాకా రాసి, పెన్సిలూ కాగితమూ చాలు, ఒంటరిగా కూచో అని ముగిద్దామనుకున్నాను. ఈ కాలమ్ చదివేవాళ్లకు అది నా పాత మాటే. అంతలో మా నాయిన గుర్తొచ్చాడు.

ఆయన గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుడు. బాయిలో పని మొదలు పెట్టేముందు సర్దార్ కర్రతో పై బండను తట్టి చూస్తాడు. గట్టి బండ మోగుతుంది, విడిపోయిన బండ బోలుగా పలుకుతుంది. ఆ మోత మీదే మనుషుల ప్రాణాలు. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు అడిగాను: పొద్దున షిఫ్టు సర్దార్ చూసినంక మధ్యాహ్నం షిఫ్టాయన మళ్లీ ఎందుకు తట్టుడు? "ఒక్కని చెవును నమ్మి బండ కింద నిలవడొద్దు బిడ్డా" అన్నాడు. అర్ధరాత్రి డ్యూటీ చేసొచ్చి, అన్నం ముందు కూచుని, నిద్రకళ్లతో చెప్పిన మాట. నలభై ఏళ్లు నేను పిల్లలకు చెప్పింది దానికి ఎదురు.

ఆ 0.16 సంగతే చూడండి. పయాన్ క్షణం నిలవదు కాబట్టి దాన్ని గురిగా పెట్టి కొట్టలేం. కేయాన్ అనే ఇంకో మెసాన్ విచ్ఛిన్నమైనప్పుడు వెలువడే రెండు పయాన్లను గమనిస్తారు. 1977లో అలా చూస్తే 0.26 దగ్గర వచ్చింది, అటూ ఇటూ 0.05 తేడాతో. 1983లో గాసర్, లాయిట్‌విలర్ తర్వాతి మెట్టు లెక్క వేస్తే 0.20. ఆ ఇద్దరితో బెంగళూరు ఐఐఎస్సీ నుంచి బి. అనంతనారాయణ్, ఇంకా కొలాంజెలో కలిసి రాయ్ సమీకరణాలను కంప్యూటర్ మీద విప్పారు. ఆ వ్యాసం 2001లో అచ్చయింది. దాని ఆధారంగా తేలిన సంఖ్య 0.220, తప్పు 0.005 లోపే. చివరికి ఆ జెనీవాలోని సెర్న్‌లోనే ఎన్ఏ48/2 ప్రయోగం పదిలక్షలకు పైగా కేయాన్ విచ్ఛిన్నాలను చూసి 0.221 అంది. వైన్‌బర్గ్ దారి సరైనదే. కానీ ఆ సంఖ్య నిలబడటానికి నలభై ఏళ్లూ, ఎందరో మనుషులూ పట్టారు.

కాబట్టి అమ్మా, యంత్రం లేకపోతే కుదరదన్న మాట తప్పు. ఒంటరిగా కూచుంటే చాలన్న నా మాటా తప్పే. ఆ నలుగురి వ్యాసం ఆర్కైవ్ (arXiv) వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. తోటివాళ్లను ఇద్దరిని కూడగట్టుకో. ఒకరు వేసిన లెక్కను ఇంకొకరు మొదటి నుంచి మళ్లీ వెయ్యండి. ఎక్కడ బోలుగా పలికిందో నాకు రాయండి.