పట్టికలో లేని గుండు

పేలిన తూటా వదిలిన ఇత్తడి కేసును శుభ్రపరచి, దాని అడుగున కొత్త ప్రైమర్‌ను, అంటే సూది దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న గిన్నెను అమర్చి, తూచిన మందు పోసి, మూతిలో గుండును బిగించే పనిని అమెరికాలో రీలోడింగ్ అంటారు. సొంత వాడకానికైతే అక్కడి ఫెడరల్ చట్టం దీనికి లైసెన్సు అడగదు. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం లైసెన్సు లేని తూటాల తయారీని నిషేధిస్తుంది కనుక, అమెరికాలో ఈ పని నేర్చిన తెలుగువారికి సైతం ఇది స్వదేశంలో పనికివచ్చే విద్య కాదు.

ఏ గుండు వెనుక ఏ మందు ఎన్ని గ్రెయిన్లతో మొదలుపెట్టాలో, ఎక్కడ ఆగాలో తయారీదారులు ప్రయోగశాలలో పీడనం కొలిచి పట్టికలుగా అచ్చువేస్తారు. ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. 1926లో ఏర్పడిన శామీ అనే పరిశ్రమ సంస్థ ప్రమాణాల్లో గరిష్ఠ పీడనం 9 మి.మీ. తూటాకు చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు, .38 స్పెషల్‌కు 17,000 పౌండ్లు. చేతిలోని గుండు ఏ పట్టికలోనూ కనిపించనప్పుడు, అదే బరువున్న మరో గుండు లెక్కను అరువు తెచ్చుకోవాలన్న ఆలోచన సహజంగా కలుగుతుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

పూర్తిగా రాగితో చేసిన గుండునే తీసుకుంటే, రాగి సీసంకన్నా తేలిక కనుక అదే బరువుకు, అదే వ్యాసానికి అది పొడవవుతుంది. మ్యాగజైన్‌లో పట్టాలి కాబట్టి తూటా మొత్తం పొడవు పెరగడానికి వీల్లేక, ఆ అదనపు పొడవు కేసు లోపలికి దిగి మందుకు మిగిలే చోటును తగ్గిస్తుంది. 9 మి.మీ. వంటి చిన్న కేసులో, వేగంగా మండే మందుతో, ఆ చోటు కొద్దిగా తగ్గినా పీడనం ఎంతో ఎక్కువగా పెరుగుతుంది. బరువు ఒకటే కదా అన్న తర్కం ఇక్కడ బొత్తిగా చెల్లదు.

ప్రైమర్ చదునైతే పీడనం మితిమీరినట్టేనన్న నమ్మకం కూడా పిస్తోలు తూటాల విషయంలో ఆధారపడదగినది కాదు. 9 మి.మీ. తూటాలోనూ, .38 స్పెషల్‌లోనూ వాడేది చిన్న పిస్తోలు ప్రైమరే కనుక, మొదటిదాని 35,000 పౌండ్లకు తట్టుకున్న లోహం రెండోదాని 17,000 పౌండ్ల హద్దు దాటినంతమాత్రాన ఏ గుర్తూ చూపకపోవచ్చు.

కాబట్టి బాధ్యతగల పనివాడు మొదట తయారీదారుని అడుగుతాడు, జవాబు రాకపోతే పట్టిక ఉన్న గుండునే కొంటాడు. ఊహతో ఖాళీ నింపడంకన్నా ఇది ఎంతో మేలు. లోహం, ఆకారం, పొడవు, కేసులోకి దిగే లోతు అన్నీ కలిసే గుండు దొరికినప్పుడే దాని ప్రారంభ మోతాదు నుంచి బయలుదేరి, వేగాన్ని క్రోనోగ్రాఫ్‌తో కొలుస్తూ స్వల్పంగా పెంచడం గురించి ఆలోచించవచ్చు; పట్టికలోని వేగం ముందే వచ్చేస్తే పీడనమూ వచ్చేసిందని భావించి అక్కడే ఆగాలి. భయంతో మోతాదును ప్రారంభ అంకెకు దిగువకు తగ్గించడమూ క్షేమం కాదు, ఎందుకంటే బలం చాలని గుండు గొట్టంలోనే ఇరుక్కుంటే దాని వెనుక పేల్చిన మరో తూటా గొట్టాన్ని చీల్చగలదు. అందువల్ల మామూలుకన్నా మెత్తగా వినిపించిన ఏ పేలుడు తర్వాతైనా కాల్పులు ఆపి, తుపాకీని ఖాళీచేసి, గొట్టంలో అడ్డేమీ లేదని చూసుకున్నాకే తర్వాతి తూటాను ఎక్కించాలి.