పాట వెనకున్న మనిషిని పలికించే విద్య

బీడీలు చుట్టే ఆడవాళ్లకు చేతులు ఖాళీ ఉండవు, చూపు ఆకు మీది నుంచి కదలదు. తీరిక ఉండేది చెవులకే. ముస్తాబాద్, కోరుట్ల, జగిత్యాల వాకిళ్లలో ఒళ్లో చాట పెట్టుకుని కూర్చునేవాళ్లకు రేడియో తోడైంది అందుకే. పాట వినిపిస్తే సంతోషం. ఆ పాట రాసినవారో, పాడినవారో వచ్చి నాలుగు ముచ్చట్లు చెబితే పొద్దు తెలియదు. ఆ ముచ్చట్లు రక్తి కట్టడం వెనక గొప్ప నేర్పు ఉంది.

1957 అక్టోబరు 3న మొదలైన వివిధభారతి ఈ విద్యకు మంచి బాట వేసింది. సైనికుల కోసం వచ్చే 'జయమాల'లో సినీతారలే స్వయంగా పాటలు వినిపించేవారు. తెలుగు ప్రసారాల్లో సినీ ప్రముఖులతో వచ్చిన 'జనరంజని'దీ ఆ పద్ధతే. అతిథి తనకు నచ్చిన పాటలు ఎంచుకుని, ఒక్కోదాని ముందు దాని కథ చెబుతారు. ఇక్కడ ఎంపికే సగం సంభాషణ. తన పాటల్ని పక్కనపెట్టి తోటి కళాకారుడి పాట అడిగారంటే, పొగడ్తలతో పనిలేకుండానే ఆ గౌరవం మనకు తెలిసిపోతుంది.

రేడియో వ్యాఖ్యాత అమీన్ సయానీ మరో దారి తొక్కారు. హిందీలో 'ఫిల్మీ ముకద్దమా' పేరుతో తారల్ని సరదాగా బోనెక్కించారు. అభియోగం ఉత్తుత్తిదే అయినా, జవాబు చెప్పుకునే ఊపులో అసలు మనిషి బయటికొస్తాడు.

ప్రశ్న ఎంత పదునుగా ఉండాలో మన సి. నారాయణరెడ్డి (సినారె) గారిని తలచుకుంటే తెలుస్తుంది. వేములవాడ దగ్గర హనుమాజీపేటలో 1931లో పుట్టారు. చదివింది ఉర్దూ మాధ్యమంలో. 1962లో వచ్చిన ఎన్.టి. రామారావు 'గులేబకావళి కథ'తో సినీకవి అయ్యారు. అలాంటి మనిషిని "సినిమాల్లోకి ఎలా వచ్చారు?" అని అడిగితే లోకమంతా విన్న జవాబే వస్తుంది. "బడిలో ఉర్దూ, ఊళ్లో హరికథలు, జానపదాలు. ఈ రెండూ మీ ఏ పాటలో కలిశాయి?" అని అడిగితే కవి ఒక్క క్షణం ఆగి వెతుక్కోవాలి. ఆ వెతుకులాటే శ్రోతకు విందు.

అతిథి అలా ఆగినప్పుడు మాట అందించకపోవడం వ్యాఖ్యాతకు ఉండాల్సిన మరో గుణం. రేడియోలో ముఖం కనిపించదు. నిట్టూర్పు, గొంతులో జీర, నవ్వబోయి ఆగడం, ఇవే శ్రోతకు ముఖకవళికలు. తొందరపడి తర్వాతి ప్రశ్నకు దూకితే అవన్నీ పోతాయి. పాట వేయడానికీ అదను ఉంటుంది. రికార్డింగు నాటి ముచ్చట చెప్పాకే పాట రావాలి. అప్పుడు వెయ్యిసార్లు విన్న చరణం కూడా కొత్తగా వినిపిస్తుంది. ఈ అదను తెలియాలంటే స్టూడియోకు రాకముందే వ్యాఖ్యాత ఆ పాటలన్నీ శ్రద్ధగా విని ఉండాలి.

కొత్త సినిమా విడుదలకు ముందు పది ఎఫ్ఎం స్టేషన్లలో ఒకే జవాబు చెప్పించడం ప్రచారమే అవుతుంది, ముఖాముఖి కాదు. సినారె గారు 2017లో, అమీన్ సయానీ 2024లో కన్నుమూశారు. పెద్దలు వెళ్లిపోయాక వాళ్ల జ్ఞాపకాల్లో మనకు దక్కేది, ఎవరో ఓపిగ్గా అడిగి రికార్డు చేసినంత మేరకే. అందుకే రేడియోలో మంచి ప్రశ్న అడగడాన్ని నేను సాహిత్య సేవగానే చూస్తాను.