పాట ఆగిన చోట మేస్త్రీ

కార్మికోద్యమ చరిత్ర అనగానే మన పాఠాలు 1886 చికాగో దగ్గర మొదలవుతాయి. ఎనిమిది గంటల పని, ఫ్యాక్టరీ గేటు, యూనియన్, సమ్మె. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పిల్లలకి ఇంతవరకే చెప్తే, వాళ్ళ ఇళ్ళల్లోంచి వలసపోయిన వాళ్ళు అందులో కనపడరు. పాలమూరు లేబర్‌కి గేటు లేదు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఉంటుంది, గుంపు ఉంటుంది, ఎక్కడో ఓ డ్యామో కాలువో ఉంటుంది. 2016లో జిల్లా ముక్కలైనా ఆ పేరు ముక్కలు కాలేదు.

అందుకే నాగర్‌కర్నూల్ ప్రాంతం వాడే అయిన గోరటి వెంకన్న పాట ‘పల్లె కన్నీరు పెడుతుందో’ క్లాసులోకి రావాలంటాను. ‘కుబుసం’ (2002) సినిమాతో ఊరూరా మోగిన పాట అది. ప్రపంచీకరణ అనే గాలిమాటని కుమ్మరి, కమ్మరి, వడ్రంగి పనిముట్ల దగ్గరికి దించి చూపిస్తుంది. ఏ పాఠ్యపుస్తకమూ ఇంత సూటిగా చెప్పలేదు.

కానీ పాటకి ఒక హద్దుంది. అందులో శత్రువు దూరంగా, కంటికి ఆనకుండా ఉంటాడు. మేస్త్రీ అలా కాదు. చాలాసార్లు మన ఊరివాడే, వరసపెట్టి పిలిచేవాడే. పని పోయిన ఆ చేతులు ఎక్కడికి పోయాయన్నది పాటకి అవతలి కథ. ఏ కులానికి ఏ పనో ముందే రాసిపెట్టిన పల్లె కూడా అంత అమాయకమైనది కాదు కదా!

పాట పక్కన రెండు చట్టాలు పెట్టి చదివించాలి. అడ్వాన్సు తీరేదాకా పని వదిలి పోనివ్వకపోతే అది వెట్టి, ఆ అప్పు రద్దు అంటుంది 1976 చట్టం. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, 2025లో రద్దయ్యేదాకా, కాంట్రాక్టరు ప్రతి కూలీకీ ఫోటో ఉన్న పాస్‌బుక్ ఇవ్వాలంది. తిరిగి వసూలు చేయకూడని వలస భత్యమూ ఇవ్వాలంది.

ఇక్కడో తిరకాసు. అలంపూర్ నుంచి తుంగభద్ర దాటితే కర్నూలు. 2014 జూన్ 2కి ముందు మేస్త్రీ వెంట అక్కడికి పోయిన కూలీకి రెండో చట్టం వర్తించదు, రెండూ ఒకే రాష్ట్రం కాబట్టి. ఆ తర్వాత అదే నది రాష్ట్ర సరిహద్దు. అదే కూలీ, అదే పని, ఆ చట్టం ఉన్నన్నాళ్ళూ హక్కు మాత్రం కొత్తది.

పాట ఒక్కటే వినిపిస్తే పిల్లలకి జాలి మిగులుతుంది. జాలి ఉద్యమ చరిత్ర కాదు. పాట అయ్యాక టీచరు ఒక్క ప్రశ్న అడగాలి: ‘మీ ఇంట్లో ఎవరికైనా మేస్త్రీ ఆ పాస్‌బుక్ ఇచ్చాడా?’