పలకల్లో నిలిచిన పీరు: బాద్‌షాహీ అషూర్‌ఖానా గోడపై ఒక పరిశీలన

గరిడేపల్లి, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో పీర్ల పండుగ చూసి పెరిగినవారు హైదరాబాదులోని బాద్‌షాహీ అషూర్‌ఖానాలో అడుగుపెడితే, లోపలి గోడను చూడగానే పాత పరిచయం గుర్తుకొస్తుంది. పింగాణీ పలకల మధ్య ఎత్తుగా నిలిచినవి పూలకుండీలు కావు, పీర్లే. అయినా ఈ గోడను ఇరాన్ నుండి దిగుమతి అయిన అలంకరణగా మాత్రమే వర్ణించడం పరిపాటి. ఆ మాట తప్పు కాదు, అసంపూర్ణం.

మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినార్ తరువాత కొద్ది ఏండ్లకే, 1590లలో, దీన్ని కట్టించాడు. పలకల పని 1611 ప్రాంతానిది. ఒక్కో రంగు పలకను ఆకృతికి తగినట్లు కోసి, ముక్కలుగా పేర్చిన పని ఇది. ఇస్తాంబుల్‌లో సినాన్ 1560ల ఆరంభంలో కట్టిన రుస్తుం పాషా మసీదును దీని పక్కన పెట్టి చూడవచ్చు. చిన్న కట్టడం, కింద దుకాణాలు, లోపలంతా ఇజ్నిక్ పలకలు. అక్కడ మెరుగు కింద చిత్రించిన తులిప్ పూలు గోడను తోటగా మారుస్తాయి. ఆ పూలను మరో గోడకు మార్చినా అర్థం చెడదు. ఇక్కడి పీరును అలా కదిలించలేము. మొహర్రంలో లోహపు పీర్లు నిలిచే గదిలోనే అది ఉంది.

మన ఊళ్లలో పండుగ ముగిశాక పీర్లను గుడ్డలో చుట్టి పెట్టెలో భద్రపరుస్తారు. తక్కిన ఏడాదంతా చావిడి బోసిపోతుంది. బాద్‌షాహీ గోడ ఆ పెట్టెను మూయనివ్వదు. 1687లో గోల్కొండ పతనమై ఆచారం ఆగిపోయినా, నిజాం అలీఖాన్ కాలంలో తిరిగి మొదలయ్యే దాకా, గోడ మీది పీరు అక్కడే ఉంది. దీన్ని అలంకరణ అనడం నాకు సమ్మతం కాదు.

1908 సెప్టెంబరు మూసీ వరదలో కింది భాగపు పలకలు దెబ్బతిన్నాయి. ఆ ఖాళీని తరువాత గచ్చు మీద రంగులతో పూరించారు. పై పలకల మెరుపు ముందు ఆ పూత మొద్దుగా కనిపిస్తుంది, నిజమే. దాన్ని తొలగించి కొత్త పలకలు అతికిస్తే గోడ నిండుగా కనబడుతుందన్న వాదన సహజంగానే పుడుతుంది. కాని నీరు ఎంతవరకు నష్టపరిచిందో చూపే గీత ఆ పూతే. అది పెచ్చులూడిన చోట మళ్లీ గచ్చుతో, రంగుతోనే సరిచేయాలి.