గీత పోవాలి, పొర మిగలాలి

నల్ల కారును ఎండలో నిలబెడితే దాని గుట్టు రట్టవుతుంది. దుమ్ము గుడ్డతో ఏళ్ల తరబడి తుడిచిన ఆనవాళ్లన్నీ సాలెగూడులా తేలతాయి. వాటిని తీసే పనివాడి నేర్పు పాలిషింగ్ మెషిన్ తిప్పడంలో కన్నా ముందు, ఏ ప్యాడ్‌కు ఏ పాలిష్ జత చేయాలో తేల్చుకోవడంలో కనిపిస్తుంది.

గీతను పోగొట్టడమంటే దాని చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను, అంటే రంగు మీది పారదర్శక పొరను, ఆ లోతు దాకా అరగదీయడమే. చాలా కార్లకు ఆ పొర మందం సుమారు 40-50 మైక్రాన్లు. అరిగింది తిరిగి రాదు. అందుకే తెలిసినవాడు బానెట్ మీద ఓ చిన్న చదరం ఎంచుకుని, మెత్తటి ఫోమ్ ప్యాడ్, సన్న పాలిష్‌తో మొదలుపెడతాడు. గీతలు లొంగకపోతేనే కాంపౌండ్ అనే ముతక పాలిష్, మైక్రోఫైబర్ ప్యాడ్, ఆఖరికి ఊలు ప్యాడ్. ఊలు గట్టిగానే కోస్తుంది గానీ వెనకాల మసకను మిగులుస్తుంది. దాన్ని తీయడానికి మళ్లీ మెత్తటి జోడీయే దిక్కు.

ప్యాడ్ రంగును నమ్ముకుంటే అంతే సంగతులు! రూపెస్ కంపెనీ ఫోమ్ ప్యాడ్లలో పసుపు సన్న పనికి. లేక్ కంట్రీ వాళ్ల దగ్గర అదే పసుపు గట్టి కోతకు.

పాలిష్‌ల తీరూ ఒకటి కాదు. కొన్నిటిలో రాపిడి రేణువులు తిప్పేకొద్దీ నలిగి సన్నబడతాయి; వాటిని మధ్యలో ఆపేస్తే మెరుపు రాదు. మెగ్వయర్స్ ఎం205 లాంటి వాటిలో రేణువులు చివరిదాకా దాదాపు అలాగే ఉంటాయి.

పాలిష్‌లోని నూనెలు గీతల్ని కప్పిపెట్టగలవు కూడా. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లతో తుడిచి, ఎల్‌ఈడీ లైటు వేసి చూసుకున్నాకే నిజాయితీ గల పనివాడు మెషిన్‌ను తలుపు మీదికి తీసుకెళతాడు.